సేవా స్టాల్‌లో ఇంటి బేకింగ్: ధర ఎలా పెట్టాలి?

అపార్ట్‌మెంట్ కార్నివాల్‌లోనో, స్కూల్ ఫెట్‌లోనో సేవాకార్యం కోసం కేకులు, బిస్కెట్ల స్టాల్ పెట్టినప్పుడు దాదాపు ప్రతిచోటా ఒకే మాట వినిపిస్తుంది: "సేవ కోసమే కదా, ధర తక్కువ పెడదాం." వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే తలకిందులుగా ఉంటుంది. 60 రూపాయలకి అమ్మగలిగే బ్రౌనీని 30కి ఇస్తే, ఆ తగ్గిన 30 రూపాయలు కొనుక్కున్నవాళ్ళకి మిగిలాయి. ఎవరి కోసం స్టాల్ పెట్టామో వాళ్ళకి చేరలేదు. బటరూ మైదా కొని, రాత్రంతా ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) ముందు నిలబడిన ఇల్లాళ్ళ కష్టం పక్క టవర్ వాళ్ళకి రాయితీ అయిపోయింది. ఈ వ్యాసంలో చెప్పే లెక్కలన్నీ ఆ ఒక్క పొరపాటు జరగకుండా చూసుకోవడానికే.

ఉదాహరణకి హైదరాబాద్‌లో డిసెంబర్‌లో జరిగే ఒక అపార్ట్‌మెంట్ కార్నివాల్ అనుకుందాం. సాయంత్రం పూట, 4 గంటల పాటు నడిచే స్టాల్. దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాల పిల్లలకి నోట్‌బుక్కులూ లైబ్రరీ పుస్తకాలూ కొనాలి. కింద వాడిన సరుకుల ధరలు లెక్క చూపించడానికి పెట్టుకున్నవి. మీ బిల్లు చూసి మీ అంకెలు వేసుకోండి.

ముందు ఎంత కావాలో తేల్చుకోండి

చాలామంది రెసిపీతో మొదలుపెట్టి, ఖర్చు చూసి, దానిమీద ఎంతో కొంత వేసి అమ్మేస్తారు. చివర్లో మిగిలినదాన్ని "ఇంత వచ్చింది" అని చెప్తారు. దీన్ని తిరగేయాలి. బడికి చేరాల్సింది 15,000 రూపాయలు అనుకుందాం. టేబుళ్ళ అద్దె, బ్యానర్, టిష్యూలు, చెత్త కవర్లు కలిపి మరో 1,500. అంటే అమ్మకాల్లోంచి సరుకుల ఖర్చు పోయాక 16,500 మిగలాలి. సరుకుల ఖర్చు అమ్మకంలో సగం దాకా ఉంటుందనుకుంటే మొత్తం 33,000 రూపాయల అమ్మకం జరగాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న: అది జరిగే పనేనా? ఒక్కొక్కరు సగటున 150 రూపాయల సరుకు కొంటారనుకుంటే 220 బిల్లులు. 4 గంటల్లో 220 అంటే దాదాపు నిమిషానికొకటి, ఒక్క క్షణం ఆగకుండా. ఇద్దరు వాలంటీర్లతో నడిచే కౌంటర్‌కి ఇది అయ్యే పని కాదు. ఈ సంగతి వారం ముందే తెలిస్తే మార్గాలున్నాయి. సరుకులు కొన్ని విరాళంగా తెచ్చుకోవచ్చు. పెద్ద కేకులకి ముందే ఆర్డర్లు తీసుకోవచ్చు. లేదా లక్ష్యాన్నే తగ్గించుకోవచ్చు. కార్నివాల్ రోజు సాయంత్రం 7 గంటలకి తెలిస్తే మిగిలేది టెన్షన్ మాత్రమే.

సరుకులన్నీ విరాళంగా వస్తే అవసరమైన అమ్మకం 33,000 నుంచి 16,500కి, అంటే సరిగ్గా సగానికి పడిపోతుంది. అందుకే ధరల మీటింగ్‌కి ముందే "ఎవరు ఏం ఇస్తారు" అన్న మీటింగ్ పెట్టుకోవాలి.

ఒక్క ముక్క అసలు ఖర్చు

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. కిచెన్ స్కేల్ లేకపోతే ఎవరిదగ్గరైనా తెచ్చుకోండి. కప్పులూ స్పూన్లతో వేసిన లెక్క ఇంటింటికీ మారిపోతుంది.

20 సెంటీమీటర్ల చదరపు టిన్‌లో ఒక ట్రే బ్రౌనీ తీసుకుందాం. నాలుగు వరసలు, వరసకి నాలుగు, మొత్తం 16 ముక్కలు. డార్క్ కాంపౌండ్ చాక్లెట్ 200 గ్రాములకి 80 రూపాయలు. బటర్ 150 గ్రాములకి 87. చక్కెర 200 గ్రాములకి 10. మూడు గుడ్లకి 21. మైదా 100 గ్రాములకి 5. కోకో పౌడర్ 30 గ్రాములకి 42. అక్రోట్లు 50 గ్రాములకి 60. వెనిలా, ఉప్పు, బేకింగ్ పౌడర్‌కి మరో 5. మొత్తం 310 రూపాయలు.

చాలామంది ఇక్కడే ఆపేసి 310ని 16తో భాగించి, ముక్క 19 రూపాయలు పడిందని సంతోషిస్తారు. ఇంకా ఉంది. ముక్కకి 3 రూపాయల చొప్పున కవరు, పైన స్టిక్కర్: 48. బటర్ పేపర్: 8. కరెంటు: ఇంట్లో వాడే ఓటీజీ ముందు వేడి చేయడంతో కలిపి ముప్పావుగంట నడిస్తే ఒక యూనిట్ అటూఇటూగా కాలుతుంది, 10 రూపాయలు వేసుకోండి. ఇప్పటికి 376. మాడిన అంచులు, విరిగిన ముక్కలు, గిన్నెకి అంటుకుపోయిన చాక్లెట్ కోసం పది శాతం కలిపితే 414.

పైగా 16 ముక్కలు కోసినా 16 అమ్ముడుపోవు. ఒకటి చిన్నచిన్న ముక్కలుగా రుచి చూపించడానికి పోతుంది, పోవాలి కూడా. కాబట్టి 414ని 15తో భాగించండి. ముక్క అసలు ఖర్చు 28 రూపాయలు. మొదట అనుకున్న 19కీ దీనికీ తేడా సగానికి దగ్గర.

అలాగే పాత కాగితంలో రాసిపెట్టుకున్న ధరలు నమ్మకండి, ముఖ్యంగా చాక్లెట్ విషయంలో. 2024లో అంతర్జాతీయ మార్కెట్లో కోకో టన్ను ధర 10,000 డాలర్లు దాటింది. అంతకుముందు వేసుకున్న బ్రౌనీ లెక్కలేవీ ఆ తర్వాత పనికిరాలేదు. సరుకు కొన్న వారమే లెక్క వేయాలి.

మిగతావి త్వరగా చెప్తాను. ఉస్మానియా బిస్కెట్లు ఒక విడతకి 30 వస్తాయనుకుంటే మైదా, బటర్, చక్కెర పొడి, కస్టర్డ్ పౌడర్, పాలపొడి, యాలకులు, కాస్త కుంకుమపువ్వుకి 140. ప్యాకింగు, కరెంటు, వృథా కలిపితే 200 లోపు. ఆరు బిస్కెట్ల ప్యాకెట్ 40 రూపాయలు పడుతుంది. అరకిలో ప్లమ్ కేక్‌లో సగం ఖర్చు డ్రైఫ్రూట్స్‌దే. డబ్బాతో కలిపి 240 దాకా తేలుతుంది.

"ఇంట్లో ఉన్నదే కదా" అనే వాళ్ళకి

ప్రతి గ్రూప్‌లో ఒకరుంటారు. "బటర్ నా దగ్గరే ఉంది, మైదా కూడా ఉంది, నాకేం ఇవ్వక్కర్లేదు" అంటారు. మంచి మనసు. కానీ ఆ బటర్‌ని సున్నా ఖర్చుగా రాసుకుంటే రెండు నష్టాలు. ఒకటి, ధర తక్కువగా తేలుతుంది. రెండు, వచ్చే ఏడాది ఆవిడ ఊళ్ళో లేకపోతే అదే ధరకి అమ్మి చేతులు కాల్చుకుంటారు.

అందుకని నోట్‌బుక్‌లో రెండు వరసలు గీయండి. మొదటిది, వస్తువు విలువ ఎంత. రెండోది, మన చేతిలోంచి నిజంగా పోయిన డబ్బెంత. ధర పెట్టేటప్పుడు మొదటి వరస చూడండి. మిగులు లెక్కేసేటప్పుడు రెండోది చూడండి. విరాళంగా వచ్చిన సరుకు విలువ కొనేవాళ్ళకి చవకగా పోకుండా, పూర్తిగా సేవకే చేరుతుంది.

శ్రమకి డబ్బు ఎవరూ తీసుకోరు, తీసుకోమని అడగడం కూడా బాగుండదు. అయినా గంటలు రాసుకోవాలి. ధర కోసం కాదు, ఏది చేయాలో ఏది వద్దో తేల్చుకోవడానికి. బ్రౌనీ 60కి అమ్మితే ట్రేకి 900 వచ్చి 486 మిగులుతాయి. చేతిపని అరగంట. క్రీమ్ పెట్టిన కప్‌కేకులు 12 చేసి 80 చొప్పున అమ్మితే, ఒక్కోటి 35 పడిందనుకున్నా 540 మిగులుతాయి. ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ చేతిపని గంటన్నర. క్రీమ్ కరగకుండా మోసుకురావాలి, విడివిడి డబ్బాలు కావాలి, పిల్లాడి వేలు తగిలితే ఒకటి పోయినట్టే. నా ఓటు బ్రౌనీకే. ఎండాకాలంలో అయితే కప్‌కేకుల మాటే ఎత్తకండి.

ఓటీజీ టైమ్ కూడా ఇలాగే లెక్కలోకి వస్తుంది. ఉస్మానియా బిస్కెట్లు రెండు ట్రేలుగా 40 నిమిషాలు ఓవెన్‌ని పట్టుకుంటే, అయిదు ప్యాకెట్లు 80 చొప్పున అమ్మినా మిగిలేది 200. అదే ఓవెన్ అంతే సేపట్లో బ్రౌనీతో రెట్టింపుకి పైగా ఇస్తుంది. అయినా ఉస్మానియా ఉండాలంటాను. గుడ్డు లేనిది, తాతయ్యలు ఆగి కొనేది, చాయ్ అమ్మించేది అదే. కాకపోతే 40 ప్యాకెట్లకి మించి చేయొద్దు.

కొనేవాళ్ళ మనసులో ఉన్న ధర

ఖర్చు మీకు తెలుసు, కొనేవాళ్ళకి తెలియదు. వాళ్ళకి తెలిసింది బేకరీ ధర. అందుకే మూడు చోట్ల ధరలు చూసి రండి: మీ వీధి చివర ఇరానీ బేకరీ, ఒక పెద్ద బేకరీ బ్రాంచ్, ఇంట్లో కేకులు చేసి ఆర్డర్ మీద అమ్మేవాళ్ళు. బరువు కూడా రాసుకోండి. "ముక్క 90" అని రాసుకుని వస్తే లాభం లేదు, ఆ ముక్క మీ ముక్కకి రెండింతలు ఉండొచ్చు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఉస్మానియా బిస్కెట్, ఫ్రూట్ బిస్కెట్, ఎగ్ పఫ్ లాంటివాటి ధర హైదరాబాద్‌లో అందరికీ నోటికొచ్చు. వాటిమీద పది రూపాయలు ఎక్కువ పెట్టినా "ఏంటమ్మా, ఆరు బిస్కెట్లు 90యా?" అని మొహం మీదే అంటారు. బ్రౌనీ, రాగి కుకీ, నువ్వులూ బెల్లం వేసిన జొన్న కుకీ, నారింజ తొక్క తురిమిన రవ్వ కేక్ లాంటివాటికి జనం మనసులో ఫలానా ధర అని ఉండదు. అక్కడ మీ మాటే చెల్లుతుంది. కాబట్టి తెలిసిన సరుకు మీద తక్కువ మిగులు, తెలియని సరుకు మీద ఎక్కువ మిగులు చూసుకోండి. బిస్కెట్ ప్యాకెట్‌ని బేకరీ ధరకి దగ్గర్లో ఉంచి, జొన్న కుకీ దగ్గర ధైర్యం చేయండి.

50యా, 60యా?

మీటింగ్‌లో అందరూ ఈ పది రూపాయల దగ్గరే ఆగిపోతారు. "60 అంటే కొనరేమో" అన్న భయం. లెక్క చూడండి. ఖర్చు 28. 50కి అమ్మితే ముక్కకి 22 మిగులు. 60కి అమ్మితే 32. ధర పెరిగింది 20 శాతం, మిగులు పెరిగింది 45 శాతం. 50 రూపాయల చొప్పున 100 ముక్కలు అమ్మితే వచ్చే 2,200 మిగులు, 60 రూపాయల చొప్పున 69 ముక్కలకే వచ్చేస్తుంది. అంటే పది రూపాయలు పెంచినందుకు వందలో 31 మంది కొనకుండా వెళ్ళిపోయినా మీకు నష్టం లేదు. పది రూపాయల కోసం అంతమంది వెళ్ళిపోరు. పైగా 31 ముక్కలు కాల్చే శ్రమ మిగులుతుంది.

మరి 100 పెట్టేస్తే? అది కూడా కుదరదు. చిన్న ముక్కకి 100 అంటే పిల్లలు వెనక్కి తగ్గుతారు, పిల్లలు తగ్గితే వెనకున్న అమ్మానాన్నలూ స్టాల్ దాకా రారు. ఖర్చుకి రెండింతలకి కాస్త అటూఇటూ, బేకరీ ధరకి కాస్త కింద, ఆ మధ్యలో మీ ధర ఉండేలా చూసుకోండి.

బోర్డు మీద నాలుగే అంకెలు

పది రకాల సరుకుకి పది ధరలు పెడితే కౌంటర్‌లో కూర్చున్న ఇంటర్ పిల్లాడు కూడికల్లోనే అలిసిపోతాడు. నాలుగు ధరలు చాలు: 20, 60, 80, 450. ఇరవైకి ఒక చిన్న కుకీ, లేదా ఒక చాయ్. అరవైకి బ్రౌనీ, కేక్ స్లైసులు. ఎనభైకి బిస్కెట్ ప్యాకెట్లు. నాలుగు వందల యాభైకి ప్లమ్ కేక్. సరుకుని ఆ ధరకి తగ్గట్టు మార్చుకోవాలి. రవ్వ కేక్ స్లైస్ ఖర్చు తక్కువైతే ధర తగ్గించకండి, ముక్క మందంగా కోయండి. ఒక్కో ధరకి ఒక్కో రంగు స్టిక్కర్ అంటిస్తే, అడక్కుండానే ధర తెలుస్తుంది.

ఇరవై రూపాయల సరుకు తప్పనిసరిగా ఉండాలి. చేతిలో నోటుతో ఒంటరిగా వచ్చే రెండో తరగతి పిల్లకి అది. ఆ చిన్న కుకీకి 6 రూపాయలు పడుతుంది, 14 మిగులుతుంది. శాతంగా చూస్తే స్టాల్ మొత్తంలో గిట్టుబాటు అయ్యేది అదే.

కాంబోలు, బేరాలు

"మూడు బ్రౌనీలు 100" అని బోర్డు రాయాలనే సరదా అందరికీ ఉంటుంది. మూడింటి ఖర్చు 84. మిగిలేది 16. ఒక్క బ్రౌనీని 60కి అమ్మితే మిగిలేది 32. మూడు ముక్కలు ఇచ్చి, ఒక్క ముక్కకి వచ్చేదాంట్లో సగం తీసుకున్నట్టు. చాయ్ కాంబో కూడా అంతే. బ్రౌనీ 60, చాయ్ 20, కలిపి 70కి ఇస్తే ఖర్చు 38 పోయి 32 మిగులుతుంది. చాయ్ లేకుండా బ్రౌనీ ఒక్కటే అమ్మినా అదే 32. పాలు కాచినందుకు ఏమీ రాలేదు.

సేవ కోసం పెట్టిన స్టాల్‌లో డిస్కౌంట్ అవసరమే లేదని నా గట్టి అభిప్రాయం. "రెండూ కలిపి 80 అండీ" అంటే సరిపోతుంది.

బేరం మాత్రం తప్పదు. "ఆంటీ, నాలుగు తీసుకుంటున్నా కదా, 200కి ఇచ్చేయండి." దీనికి కోపం వద్దు, మొహమాటం అసలే వద్దు. "తగ్గిస్తే ఆ పిల్లల పుస్తకాల్లో తగ్గుతుందండీ, కావాలంటే ఒక చిన్న కుకీ పైన వేస్తాను." 40 రూపాయలు తగ్గించే బదులు 6 రూపాయల కుకీ ఇచ్చారు, ఆయన నవ్వుతూ వెళ్తాడు. ఈ మాట వాలంటీర్లందరికీ ముందే చెప్పి ఉంచండి. ఒకరు తగ్గించి ఒకరు తగ్గించకపోతే గొడవ అక్కడే మొదలవుతుంది.

"మీకు తోచినంత ఇవ్వండి" పద్ధతి కొందరికి ఇష్టం. మన దగ్గర అది ఇద్దరినీ ఇబ్బంది పెడుతుంది. తక్కువిస్తే ఏమనుకుంటారో అని కొందరు అసలు ఆగరు. కొందరు 10 రూపాయలకి బ్రౌనీ పట్టుకుపోతారు. దానికి బదులు "ధర 60, ఆపైన మీ ఇష్టం" అని రాసి, పక్కన ఒక హుండీ డబ్బా పెట్టండి.

బోర్డు మీద నిజమే రాయండి

"ఒక బ్రౌనీ కొంటే ఒక పిల్లాడికి నోట్‌బుక్" అని రాస్తే జనం కదులుతారు. కానీ ముక్కకి మిగిలేది 32 రూపాయలు, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ 60 దాకా ఉంటుంది. అందుకని "రెండు బ్రౌనీలకి ఒక నోట్‌బుక్" అని రాయండి. నిజమూ అదే, రెండు కొనమని చెప్పినట్టూ అవుతుంది.

గుడ్డు, ఎగ్‌లెస్, తేదీ

మన ఊళ్ళలో ఇది ధరకి సంబంధించిన విషయమే. కార్తీక మాసంలోనో, శనివారమో స్టాల్ పెడితే గుడ్డు వేసిన సరుకు మిగిలిపోతుంది. అలాంటి రోజు ఎగ్‌లెస్ సగానికి పైగా ఉండాలి. మూడు గుడ్లకి 21 రూపాయలైతే, వాటి బదులు కండెన్స్‌డ్ మిల్క్ వాడితే ఖర్చు అంతకి కొన్ని రెట్లు. అలాగని ఎగ్‌లెస్ బ్రౌనీ 70, మామూలుది 60 అని పెట్టకండి. "మా మీద పది రూపాయలు ఎందుకు ఎక్కువ?" అన్న ప్రశ్నకి కౌంటర్‌లో జవాబుండదు. రెండింటి ఖర్చూ సగటు వేసి ఒకే ధర పెట్టండి.

ట్రేలు, చాకులు, పట్టకర్రలు మాత్రం విడివిడిగా ఉండాలి. ఆహార లేబుళ్ళ నిబంధనల్లో గుడ్డు ఉన్నది మాంసాహారం కిందకే వస్తుంది: శాకాహారానికి చదరంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి చదరంలో గోధుమరంగు త్రిభుజం. ఆ గుర్తులే స్టిక్కర్ల మీద వేస్తే అడిగేవాళ్ళకి ధైర్యం. వేరుశనగ, జీడిపప్పు, అక్రోట్, పాలు, గోధుమ ఉంటే పేరు రాయాలి, ఎలర్జీ ఉన్న పిల్లలుంటారు. తయారుచేసిన తేదీ కూడా రాయండి.

ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత నిబంధనలు చూసే కేంద్ర సంస్థ) సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. 2011 నిబంధనల్లో చిన్న ఆహార వ్యాపారుల కిందకి మత, సామాజిక కార్యక్రమాల్లో ఆహారం పంచేవాళ్ళు కూడా వస్తారు. వాళ్ళకి రిజిస్ట్రేషన్ ఫీజుగా అందులో పెట్టింది ఏడాదికి 100 రూపాయలే. కార్నివాల్ నిర్వాహకులు ఏం అడుగుతారో ముందే కనుక్కోండి. ఇంటినుంచి కేకుల వ్యాపారం చేస్తూ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు గ్రూప్‌లో ఉంటే వాళ్ళ సలహా తీసుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు గుడి దగ్గరో, తెలుగు సంఘం ఉగాదికో ఇలాంటి స్టాల్ పెడితే అక్కడి కాటేజ్ ఫుడ్ చట్టాలు, అంటే ఇంట్లో చేసిన తిండి అమ్మడానికి ఉన్న చట్టాలు చూసుకోవాలి. అవి రాష్ట్రానికో రకం.

ముందస్తు ఆర్డర్లు

33,000 అమ్మకానికి 220 బిల్లులు కావాలన్న సమస్యకి అసలు విరుగుడు ఇదే. ప్లమ్ కేకులు 25 ముందే వాట్సాప్ గ్రూప్‌లో ఆర్డర్ తీసుకోండి, పూర్తి డబ్బు తీసుకున్నాకే మైదా తూకం వేయండి. ఒక్కోటి 450కి ఇస్తే 11,250 ముందే వచ్చేసినట్టు, కేక్‌కి 210 మిగులు. ఒక్కటీ మిగిలిపోదు. ఎండుద్రాక్ష, చెర్రీలు నారింజ రసంలో నానబెట్టి చేయండి. రమ్ పోసి చేస్తే ఆ సంగతి చెప్పాలి, చెప్తే సగం మంది వెనక్కి తగ్గుతారు.

మిగతా సరుకు ఇలా కుదరొచ్చు: బ్రౌనీ, స్లైసులు 150, అంటే 9,000. ఉస్మానియా ప్యాకెట్లు 40, అంటే 3,200. చిన్న కుకీలు 150, అంటే 3,000. చాయ్ 200 కప్పులు, 4,000. హుండీ, వేలం కలిపి 2,550. అన్నీ కలిపితే 33,000. ఇప్పుడు కౌంటర్ మీద జరగాల్సింది 19,200 అమ్మకమే, అంటే 128 బిల్లులు. రెండు నిమిషాలకొకటి. ఇది చేయగలిగే పని. టేబుళ్ళూ బ్యానర్ వగైరాలకి 1,500, వేలం కేక్‌కి 600 పోగా 16,200 దాకా మిగులుతుంది కాబట్టి కొంత సరుకు అమ్ముడుపోకపోయినా లక్ష్యం తప్పదు.

బ్రౌనీలు పది ట్రేలు ఒకే ఇంట్లో కాల్చలేరు. నాలుగిళ్ళకి పంచండి, కానీ రెసిపీ ఒకటే, టిన్ సైజు ఒకటే ఉండాలి. ఒక ఇంటి ముక్క అరచేతంత, ఇంకో ఇంటిది అగ్గిపెట్టంత ఉంటే ఒకే ధర నిలబడదు.

వేలం

దీనికి మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బాలాపూర్ గణేశుడి 21 కిలోల లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది, 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ ఎవరూ శనగపిండి ధర, నెయ్యి ధర లెక్కపెట్టరు. పాడినవాడి పేరు ఊరంతా వినపడుతుంది, డబ్బు ఊరి పనులకి వెళ్తుంది, అదే దాని ధర. మీ స్టాల్‌లో కూడా ఒక్క కేక్ అలా ఉంచండి. అందంగా అలంకరించిన రెండు కిలోల కేక్, సాయంత్రం జనం బాగా ఉన్న టైమ్‌లో, మైకు మీద. మొదటి పాట 500 నుంచి మొదలుపెట్టండి. అసోసియేషన్ పెద్దమనిషి ఒకరితో మొదటి పాట పాడిస్తే మిగతావాళ్ళు కదులుతారు. టవర్ల మధ్య పోటీ పెడితే మరీ మంచిది. వేలం ఒక్క కేక్‌కే, రెండోది పెడితే ఊపు పోతుంది. టికెట్లు అమ్మి డ్రా తీయడం జోలికి మాత్రం పోవద్దు, లాటరీ చట్టాల తలనొప్పి మనకెందుకు.

ఆ రోజు కౌంటర్‌లో

యూపీఐ క్యూఆర్ ఒకటే ఉండాలి, స్టాల్ డబ్బు తప్ప వేరే లావాదేవీలు లేని ఖాతాదైతే లెక్క తేలిక. అవతలివాళ్ళు చూపించే స్క్రీన్‌షాట్ కాదు, మీ ఫోన్‌లో మోగిన మెసేజే లెక్క. పిల్లలూ పెద్దవాళ్ళూ నోట్లతో వస్తారు కాబట్టి గల్లాపెట్టెలో 10, 20 రూపాయల నోట్లు కలిపి వెయ్యి రూపాయల చిల్లర ఉంచండి. ఆ వెయ్యి రాత్రి లెక్కలో ముందే తీసేయాలి. అమ్మిన ప్రతి సరుకుకీ కాగితం మీద ఒక గీత గీసుకుంటూ పోతే చాలు.

మొదటి రెండు గంటల్లో ఏ ధరా ముట్టుకోకండి. ఆఖరి అరగంటలో బ్రౌనీలు మిగిలితే చాలామంది సగం ధర బోర్డు పెడతారు. అప్పటికి ఖర్చు ఎలాగూ అయిపోయింది, ఎంతొచ్చినా లాభమే అన్నది నిజమే. కానీ గంట క్రితం 60 పెట్టి కొన్న పక్కింటావిడ అక్కడే ఉంటుంది, వచ్చే ఏడాది ఆవిడ కూడా ఆఖరి అరగంటకే వస్తుంది. ధర తగ్గించకుండా ప్యాక్ మార్చండి: "రేపటి లంచ్ బాక్స్ ప్యాక్, నాలుగు 180." ముక్కకి 45, ఖర్చు మీద ఇంకా 17 మిగులే. అప్పటికీ మిగిలినవి వాచ్‌మన్లకీ హౌస్‌కీపింగ్ వాళ్ళకీ ఇచ్చేయండి, ఫలానా వాళ్ళకి ఇస్తామని ముందే అనుకుంటే మరీ మంచిది.

రాత్రి లెక్క

అదే రాత్రి, అందరూ ఉండగానే డబ్బు లెక్కపెట్టండి. గల్లాలో ఉన్నది, ఫోన్‌లో వచ్చింది, ముందస్తు ఆర్డర్లది, హుండీది విడివిడిగా రాయండి. సరుకు బిల్లులు ఇచ్చినవాళ్ళకి ముందు వాళ్ళ డబ్బు తిరిగి ఇవ్వండి. "పర్లేదు, ఉంచండి" అన్నవాళ్ళది విరాళం వరసలో వాళ్ళ పేరుతో రాయండి. మిగిలిన కవర్లు, డబ్బాలు, సగం వాడిన కోకో ఎవరింట్లో ఉన్నాయో కూడా ఒక వరస రాయండి, వచ్చే ఏడాది వాటిని మళ్ళీ కొనకుండా. బడికి ఇచ్చిన పుస్తకాల బిల్లు ఫొటోతో పాటు ఈ లెక్క మొత్తాన్ని ఒక పేజీలో గ్రూప్‌లో పెట్టండి, వేలంలో కేక్ పాడుకున్నవాళ్ళ పేరు పైన.